ఎడమకాలి అవగాహన ఒప్పందం

మా విశ్వవిద్యాలయానికి అంతర్జాతీయ ఖ్యాతి ఒక సైకిలు ద్వారా లభించింది. ఈ వాక్యాన్ని వార్షిక నివేదికలో చేర్చాలని అంతర్జాతీయ వ్యవహారాల విభాగం బాధ్యుడిగా నేను ప్రతిపాదించినప్పుడు, "సైకిలు" అన్న మాటకు బదులు "ఇంధనరహిత ద్విచక్ర మాధ్యమం" అని ఉంటే హుందాగా ఉంటుందని రిజిస్ట్రారు గారు సవరించారు. సవరణ సమంజసమే. అయినా చదువరుల సౌకర్యం కోసం ఇక్కడ సైకిలనే అంటాను.

జంతుశాస్త్ర విభాగంలో డాక్టర్ తాడిమేటి పాండురంగం గారు చాలాకాలంగా వానపాముల మీద పరిశోధన చేస్తున్నారు. నెమ్మదైన మనిషి. వానపాముల సహవాసం వల్ల నెమ్మది అబ్బిందో, ఆ నెమ్మది చూసే వానపాములు ఆయన్ని దగ్గరకు రానిచ్చాయో తేల్చి చెప్పడం కష్టం. "నల్లరేగడి నేలల్లో వానపాముల వేసవి నిద్ర" అనే పత్రం సమర్పించడానికి ఆయన ఐరోపాలో ఉత్తరాన ఉన్న ఒక చలిదేశానికి వెళ్లారు. వెళ్లిన మరునాటి ఉదయం సదస్సుకు నడిచిపోతూ, ఎర్రగా, నున్నగా, నరసంచారం లేకుండా ఉన్న ఒక బాటను చూశారు. ఇంత చక్కని కాలిబాటను ఈ దేశస్థులు ఎందుకు వాడుకోరో అని జాలిపడి దాని మీద నడవసాగారు. అది సైకిళ్ల బాట.

వెనకనుంచి గంట మోగింది. రెండు నాగరికతల మధ్య ఉన్న సూక్ష్మమైన తేడా ఇక్కడే ఉంది. మన వైపు వెనక గంట గానీ హారను గానీ మోగితే, "నేను వస్తున్నాను, నువ్వు కదలకు, పక్కనుంచి నేనే పోతాను" అని దాని అర్థం. కదిలినవాడే దెబ్బతింటాడు. ఆ దేశంలో గంట మోగితే "తప్పుకో" అని అర్థం. పాండురంగం గారు పుట్టిన ఊరి సంస్కారం కొద్దీ ఉన్నచోటనే స్తంభంలా నిలబడిపోయారు. తపాలా శాఖలో ఉద్యోగ విరమణ చేసిన హెల్లె అనే పెద్దావిడ, ఈయన తప్పుకుంటాడన్న సంపూర్ణ విశ్వాసంతో, తన సైకిలు ముందు చక్రాన్ని ఆయన ఎడమకాలిలోకి నడిపించింది.

ఎముక విరిగింది. నేలమీద పడి ఉన్న పాండురంగం గారు ఆవిడకు క్షమాపణ చెప్పారు. ఆవిడ తిరిగి చెప్పింది. ఈయన మళ్లీ చెప్పారు. అంబులెన్సు వచ్చేదాకా ఈ కార్యక్రమం సాగింది. సదస్సు ముగిసేవరకు ఆయన ఆస్పత్రి మంచం మీదే ఉన్నారు. వానపాముల నిద్రకు భంగం కలగలేదు.

ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. ఎవరికైనా పిండికట్టు వేస్తే, చూడవచ్చినవాళ్లు దాని మీద నాలుగు మంచి మాటలు రాసి సంతకం చేస్తారు. "నా సైకిలు తరఫున క్షమించండి" అని హెల్లె రాసింది. వైద్యం చేసిన డాక్టరు అక్కడి వైద్య విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు కూడా. ఆయన "త్వరగా కోలుకోండి. మళ్లీ రండి, అయితే ఇలా కాదు" అని కాలి చుట్టూ తిరిగి వచ్చేంత పొడుగైన సంతకం చేశాడు. నర్సు నవ్వు మొహం గీసింది. పక్క మంచం మీది పిల్లవాడు గీసినది వానపామో రైలో ఇప్పటికీ నిర్ధారణ కాలేదు.

ఇంతే జరిగింది. దీన్ని ప్రమాదమని అనుకున్నది పాండురంగం గారొక్కరే.

ఆయన తిరిగివచ్చాక, రిజిస్ట్రారు ఆచార్య కంచుమర్తి విశ్వపతి గారు, నేను బత్తాయిలు పట్టుకుని పరామర్శకు వెళ్లాం. అప్పట్లో మా విశ్వవిద్యాలయం ఒక ఆందోళనలో ఉంది. శ్రేణి నిర్ణాయక సంఘం పరిశీలనకు రాబోతోంది. "విదేశీ సంస్థతో అవగాహన ఒప్పందం ఉండవలెను, అసలు ప్రతి చూపవలెను" అన్నది వారి నిబంధన. మాకు చుట్టుపక్కల మండలాల కాలేజీలన్నింటితోను, ఒక రైసుమిల్లుతోను ఒప్పందాలున్నాయి. విదేశంతో మాత్రం లేదు.

రిజిస్ట్రారు గారు బత్తాయిలు ఎక్కడ పెట్టాలా అని చూస్తూ కాలిని చూశారు. కళ్లజోడు తగిలించుకుని చదివారు. మరోసారి చదివారు.

"పాండురంగం గారూ, ఈ సంతకం ఎవరిది?"

"డాక్టరు గారిదండీ. అక్కడి వైద్య విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరట."

"ప్రొఫెసరు!" రిజిస్ట్రారు గారు నా వైపు తిరిగారు. "'మళ్లీ రండి' అని లిఖితపూర్వకంగా ఇచ్చాడు. ఆచార్యుల వినిమయం. అవునా, కాదా?"

"అవునండీ," అన్నాను. కాదనడానికి ఆధారం కనిపించలేదు.

"'అయితే ఇలా కాదు' అంటే, విధివిధానాలు చర్చించి ఖరారు చేసుకుందామని. మరి ఈ గుండ్రటిది?"

"నర్సమ్మాయి నవ్వు మొహం గీసిందండీ," అన్నారు పాండురంగం గారు.

"అధికార ముద్ర," అన్నారు రిజిస్ట్రారు గారు.

పాండురంగం గారి భార్య భ్రమరాంబ గారు కాఫీలు తెచ్చారు. "ముద్రల సంగతి తర్వాతండీ. లోపల దురద పుట్టి రాత్రుళ్లు ఈయనకి కునుకు లేదు, నాకూ లేదు. చీపురుపుల్ల దూర్చి గీరుకుంటున్నారు. ఆరు వారాలైతే విప్పేస్తామన్నారట, ఎప్పుడవుతాయా అని చూస్తన్నాం."

రిజిస్ట్రారు గారి చేతిలో కప్పు మధ్యలో ఆగిపోయింది. "చీపురుపుల్ల దూర్చారా? అమ్మా, అది విశ్వవిద్యాలయ పత్రం!"

వారం తిరగకుండా పాలకమండలి అత్యవసరంగా సమావేశమైంది. ఫోటో తీసి ఉంచుకుంటే చాలదా అని ఉపకులపతి గారు అడిగారు. ఫోటో నకలు అవుతుంది, నిబంధన అసలు ప్రతి అంటోంది అన్నారు రిజిస్ట్రారు గారు. పోనీ, కట్టును కోసి తీసి అద్దాల పెట్టెలో పెడితే? కోత తప్పనిసరిగా ఆచార్యుడి సంతకం మీదుగా పోతుంది. సంతకం తెగిన పత్రం చెల్లదు అన్నారు న్యాయ సలహాదారు. చర్చ సుహృద్భావంతో ముగిసి ఈ తీర్మానం వెలువడింది:

"డా. తాడిమేటి పాండురంగం యొక్క ఎడమకాలు, మోకాలి దిగువ నుండి వేళ్ల మొదలు వరకు, విశ్వవిద్యాలయ శాశ్వత రికార్డుగా పరిగణింపబడును. సదరు కాలునకు డా. పాండురంగం అనుబంధముగా కొనసాగుదురు."

ఆరు వారాలు నిండిన రోజున పాండురంగం గారు ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్లారు. డాక్టరు చిన్న రంపం చేత్తో పట్టుకునేసరికి రిజిస్ట్రారు గారు తీర్మానం ప్రతితో గదిలో ప్రవేశించారు.

"మాస్టారూ, ఎముక చక్కగా అతుక్కుంది," అన్నాడు డాక్టరు. "ఇంకా ఉంచితే చీలమండ బిగుసుకుపోతుంది."

"బిగుసుకోనివ్వండి. రికార్డుకు స్థిరత్వం ముఖ్యం."

"అయ్యా, దురదండీ..." అన్నారు పాండురంగం గారు.

"దురద వ్యక్తిగతం. కట్టు సంస్థాగతం. రెంటినీ కలపకండి."

డాక్టరు రంపం కింద పెట్టేశాడు. అతని ఆస్పత్రికి మా విద్యార్థులే ఆధారం.

శాశ్వత రికార్డు ఎక్కడపడితే అక్కడ తిరగకూడదు కనుక, కాలు పనివేళల్లో రికార్డు రూములో ఉండాలని ఉత్తర్వు వెలువడింది. పాండురంగం గారు చెక్క బీరువాల మధ్య స్టూలు మీద కాలు చాపుకుని కూర్చునేవారు. బొటనవేలి గోరు మీద ఫైలు నంబరు వేశారు. పాత కాగితాలు చిరిగిపోకుండా మైదా జిగురుతో పల్చటి గుడ్డ అతికించడం మా రికార్డు రూము సంప్రదాయం. కట్టుకూ అలాగే అతికించారు. సంప్రదాయంలో లోపం లేదు గానీ మైదాకు చీమలు వచ్చాయి.

సాయంత్రం ఆయన్ని ఇంటికి తీసుకుపోవడానికి భ్రమరాంబ గారు వచ్చినప్పుడు రికార్డు కీపరు సత్తిరాజు రిజిస్టరు ముందుకు జరిపేవాడు.

"ఇక్కడో సంతకం పెట్టి పట్టుకెళ్లండమ్మా. రేపు పదింటికల్లా కాలు చేరిపోవాలి."

"మా ఆయన కాలు మాకే అరువిస్తన్నారా, సత్తిరాజూ?"

"నన్నేం చేయమంటారమ్మా, రూలు. పోతే మాస్టారు కూడా కాలుతోపాటు వచ్చేస్తే మంచిది. విడిగా వస్తే నాకు ఎంట్రీ లేదు."

దురద మాత్రం నిబంధనలకు లొంగలేదు. వానపాములన్నీ తన కాలిలోనే వేసవి నిద్ర లేచినట్టుందని పాండురంగం గారు అనేవారు. రికార్డు రూములోనే పాఠం చెబుతూ మధ్యలో కళ్లు మూసుకుని పళ్లు కొరికేవారు. విద్యార్థులు అది జీవపరిణామంలో ఒక దశ అనుకుని రాసుకునేవారు. చివరకు, రోజుకొకసారి పుల్లతో గీరుకోవడానికి అనుమతి వేడుకుంటూ అర్జీ పెట్టుకున్నారు. శాశ్వత రికార్డులోకి బయటి వస్తువును చొప్పించడం దిద్దుబాటు కిందికి వస్తుంది కాబట్టి, విషయాన్ని కూలంకషంగా పరిశీలించడానికి కండూతి ఉపసంఘాన్ని నియమించారు. అందులో నేనూ ఉన్నాను. ఎడమకాలికి దురద పుట్టినప్పుడు కుడికాలి మీద అదే స్థానంలో గీరుకోవచ్చునని మేము మధ్యంతర ఉపశమనం సిఫారసు చేశాం. ఆయన మా ఎదుటే గీరుకున్నారు.

"ఎలా ఉంది?" అని అడిగాను.

"కుడికాలు హాయిగా ఉందండీ," అన్నారు.

ఉపశమనం సూత్రప్రాయంగా లభించినట్టు నమోదు చేశాం.

ఎట్టకేలకు శ్రేణి నిర్ణాయక సంఘం వచ్చింది. అధ్యక్షులు ఆచార్య నాగభైరవ పురుషోత్తం గారు వృద్ధులు, మితభాషి, నిబంధనలు కంఠస్థంగా వచ్చినవారు. భూతద్దంతో కాలిని అన్ని వైపులా చదివారు. మేము ఊపిరి బిగబట్టాం. పాండురంగం గారు మరో కారణంతో ఊపిరి బిగబట్టారు.

"సంతకాలు అసలువే," అన్నారు అధ్యక్షులు. "కానీ ఇది ఏకపక్షం. మీ మనిషికి అక్కడ దెబ్బ తగిలింది. బాగుంది. వాళ్ల మనిషికి ఇక్కడ తగిలిందా? పరస్పరత ఏది?"

అంత మౌలికమైన విషయం మాకెవరికీ తట్టలేదు.

"పరస్పరత సిద్ధించిన రోజు కబురు చేయండి, వస్తాను. అంతవరకు అసలు ప్రతి యథాతథంగా ఉండాలి."

పాండురంగం గారు చిన్నగా మూలిగారు. ఆ శబ్దాన్ని అధ్యక్షులు ఆమోదంగా స్వీకరించారు.

పరస్పరతకు హెల్లెను మించిన అర్హులు లేరు. "మీరు ప్రారంభించిన సహకారాన్ని మా రహదారి మీద సమాన గౌరవంతో పూర్తి చేయుటకు దయచేయవలసినది" అని ఆహ్వానం రాశాను. నా వల్ల దెబ్బతిన్న ఆ మంచి మనిషి ఎలా ఉన్నాడో చూడాలని నాకూ ఉంది, వస్తున్నాను అని ఆవిడ జవాబిచ్చింది.

ఏర్పాట్లు ఘనంగా సాగాయి. విశ్వవిద్యాలయం ముఖద్వారం ఎదుట ఉన్న పెద్ద రోడ్డును స్థలంగా నిర్ణయించాం. షామియానా వేసి, బ్యాండు మేళం పిలిచి, అధ్యక్షులకు కబురు చేశాం. ఎముకల డాక్టరును రంపంతోను, బక్కెట్లో కలిపిన పిండితోను సిద్ధంగా కూర్చోబెట్టాం. ఇంతటి చారిత్రక ఘట్టాన్ని కింది సిబ్బందికి వదిలిపెట్టడం భావ్యం కాదని సైకిలు రిజిస్ట్రారు గారే తొక్కడానికి ఒప్పుకున్నారు.

ఈ సంగతి భ్రమరాంబ గారికి తెలిసింది. షామియానా కిందికే వచ్చి నిలదీశారు.

"పెద్దావిడని పిలిచి కాలు విరగ్గొడతారా? సిగ్గు లేదండీ మీకు?"

"విరగ్గొట్టడం కాదమ్మా, ప్రతిస్పందించడం," అన్నారు రిజిస్ట్రారు గారు సైకిలు గాలి చూసుకుంటూ. "అదీ ఎడమకాలికే. మర్యాదపూర్వకంగా."

"అయితే ముందు ఇంటికెళ్లి మీ ఆవిడ కాలి మీద ప్రతిస్పందించి రండి. ఆవిడేమంటుందో చూసి అప్పుడు ఈవిడ దగ్గరికొద్దురు గాని."

రిజిస్ట్రారు గారికి ఆ సూచన విధానపరంగా ఆచరణయోగ్యంగా తోచలేదు.

హెల్లెను తెచ్చిన కారును ముందే అనుకున్న ప్రకారం రోడ్డుకు అవతలి వైపు ఆపించాం. ఆవిడ దిగి, ఇవతల పూలదండలతో నిలబడ్డ మమ్మల్ని చూసి చెయ్యి ఊపి, రోడ్డు అంచున ఆగింది. ఆమె దేశంలో మనిషి రోడ్డు అంచున నిలబడితే వాహనాలు ఆగుతాయట. ఆగిన తర్వాతే మనిషి కదులుతాడట. ఆవిడ చిరునవ్వుతో ఎదురుచూసింది. లారీలు పోయాయి. ఆటోలు పోయాయి. గేదెల మంద ఒకటి తీరిగ్గా పోయింది. ఏ ఒక్కటీ ఆగలేదు. ఆవిడా కదలలేదు.

రిజిస్ట్రారు గారు దూరంనుంచి సైకిలు మీద బయల్దేరి, ఆవిడ ఉండవలసిన చోటికి వచ్చి, ఆవిడ లేనందువల్ల ముందుకు పోయారు. మళ్లీ తిరిగి వచ్చారు. మళ్లీ పోయారు. ఎండ ముదిరింది. ఉపకులపతి గారు మైకులో, "గౌరవ అతిథి రోడ్డు దాటవలసిందిగా ప్రార్థన," అని ఇంగ్లీషులో వేడుకున్నారు. ఆవిడ మళ్లీ చెయ్యి ఊపింది. నాలుగోసారి వస్తుండగా రిజిస్ట్రారు గారి పంట్లాము గొలుసులో చిక్కుకుంది. బ్యాండు మేళం వాళ్లకు తెలిసిన పాటలు అయిపోయి మొదటి పాట మళ్లీ ఎత్తుకున్నారు. బక్కెట్లో పిండి కలిపే కర్రతో సహా గడ్డకట్టింది. అధ్యక్షులు గడియారం చూసుకున్నారు.

పాండురంగం గారు ముందు వరుసలో, రికార్డు రూము వారి అనుమతిపై, కాలు చాపుకుని కూర్చున్నారు. ఎండకు చీమలు లోపలికి చేరాయి. ఆయన ముఖం రంగులు మారుతోంది. ఉన్నట్టుండి చంకకర్ర తీసుకుని లేచారు.

"కూర్చోండి మాస్టారూ! రికార్డుకి ఎండ తగులుద్ది," అన్నాడు సత్తిరాజు.

"ఎంతసేపని నిలబెడతారయ్యా పెద్దావిడని? అతిథిని ఎండలో నిలబెట్టి మనం నీడలో కూర్చోవడమేంటి?"

ఎవరూ ఆపేలోగా ఆయన రోడ్డు మీదికి దిగారు. అటూ ఇటూ చూడకుండా ఒక చెయ్యి అడ్డంగా చాపి టకటకా నడిచారు. లారీ ఆయన ముందునుంచి, ఆటో వెనకనుంచి, చిక్కు విడిపించుకుని వస్తున్న రిజిస్ట్రారు గారు పక్కనుంచి, ఎవరి దారిన వారు వంపు తిరిగి పోయారు. అవతలికి చేరి హెల్లె చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ గట్టిగా కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచేసరికి మా షామియానా కింద, ఒంటిమీద గీతైనా పడకుండా, ఉంది.

ఉపకులపతి గారు తల పట్టుకున్నారు. పరస్పరత భగ్నమైంది.

హెల్లె మాత్రం పాండురంగం గారి కాలిని చూస్తోంది. "ఇదింకా ఎందుకు ఉంది? ఎముక అతుక్కోలేదా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"ఎప్పుడో అతుక్కుందమ్మా," అన్నాడు డాక్టరు, ఇన్నాళ్లకు తనను అడిగినవారు దొరికినందుకు గబగబా.

పాండురంగం గారు తనకు సహజమైన నెమ్మదితో జరిగినదంతా చెప్పారు. ఫైలు నంబరు, చీమలు, కుడికాలు, ఆఖరున ఆమెను ఎందుకు పిలిచారన్నది కూడా. వింటున్నకొద్దీ ఆవిడ కళ్లు గుండ్రంగా అయ్యాయి. రిజిస్ట్రారు గారు రొప్పుతూ వచ్చి చేరారు.

"అమ్మా, ఇది రెండు సంస్థల మధ్య ఒప్పందం. సంతకాలున్నాయి."

"ఒప్పందంలో ఏమని ఉంది?" అంది హెల్లె. కాలి మీదికి వంగి, వేలు పెట్టి చదివింది. "'త్వరగా కోలుకోండి.' కోలుకున్నారు కదా! ఇంక దీంతో మీకేం పని?"

అందరం అధ్యక్షుల వైపు చూశాం. ఆచార్య పురుషోత్తం గారు లేచి నిలబడ్డారు.

"నేను ఎన్నో విశ్వవిద్యాలయాలు చూశాను. అవగాహన ఒప్పందాలు బీరువాల నిండా చూశాను. సంతకం తర్వాత ఒక్క అడుగు ముందుకు వేసిన ఒప్పందాన్ని ఇంతవరకు ఎక్కడా చూడలేదు. ఇది అమలైందంటున్నారు. అమలైన ఒప్పందానికి పరస్పరత అడగమని నిబంధన లేదు. అమలవుతుందని నిబంధనలు రాసినవాళ్లు ఊహించలేదు." డాక్టరు వైపు తిరిగారు. "అమలైందో లేదో స్వయంగా తనిఖీ చేయాలి. విప్పండి."

"అసలు ప్రతండీ!" అన్నారు రిజిస్ట్రారు గారు.

"అమలైపోయాక అసలుతో పనేముంది?" అన్నారు అధ్యక్షులు.

రంపం కదిలింది. మైదా గుడ్డ చీలింది. విదేశీ ఆచార్యుడి సంతకం నడిమికి తెగినప్పుడు రిజిస్ట్రారు గారు ముఖం పక్కకు తిప్పుకున్నారు. కట్టు రెండు ముక్కలై పడింది. చీమలు బారుగా వెళ్లిపోయాయి. పాలిపోయి, సన్నబడి, బీరకాయలా ముడతలు పడ్డ ఒక కాలు వెలుగు చూసింది.

అధ్యక్షులు తనిఖీ పత్రం, కలం తీశారు. చివరి ప్రశ్న ఒకటి మిగిలింది. అది నిబంధనలలో ఉంది. "డాక్టర్ పాండురంగం గారూ, ఈ అంతర్జాతీయ సహకారం వల్ల మీకు కలిగిన ప్రయోజనం ఏమిటి?"

పాండురంగం గారికి వినిపించలేదు. ఆయన రెండు చేతుల పది గోళ్లూ మోకాలి కిందనుంచి చీలమండ దాకా దిగుతున్నాయి, మళ్లీ ఎక్కుతున్నాయి. కళ్లు మూసుకుపోయాయి. నోరు కొంచెం తెరుచుకుంది. భ్రమరాంబ గారు పక్కన చతికిలబడి, "ఇంకాస్త కింద, ఆఁ, అక్కడ," అంటున్నారు. బ్యాండు మేళం ఎందుకో దానంతట అదే ఆగిపోయింది. ఆ గరగర తప్ప మరో చప్పుడు లేదు.

అధ్యక్షులు చాలాసేపు నిలబడి చూశారు. ప్రశ్న రెండోసారి అడగలేదు. ఆ గడిలో "మాటలకందనిది" అని రాసి, మాకు అత్యున్నత శ్రేణి ఇచ్చి వెళ్లిపోయారు.